విప్పగలిగితేనే దీవిలో ఇల్లు

2004 డిసెంబర్ 26 నాటి సునామీకి అండమాన్ నికోబార్ దీవుల్లో మృతులు, ఆచూకీ తెలియనివారు కలిపి సుమారు 3,500 మంది. నికోబార్ తీరాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం మొదలు నీళ్లలో మునిగింది. ట్రింకెట్ దీవి ముక్కలైంది. ప్రాణాలతో మిగిలినవారికి ప్రభుత్వం ముందు జింకు రేకుల తాత్కాలిక వసతి కల్పించింది. ఆ తర్వాత 9,797 శాశ్వత గృహాలు కట్టింది. వాటిలో దాదాపు 7,000 నికోబార్ జిల్లాలోనివే. ఉక్కు చట్రాలు, గోడ పలకలు, పైకప్పు రేకులు, చివరికి నట్లూ బోల్టులూ ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో వెళ్లాయి. భాగాలుగా తయారుచేసి తీసుకెళ్లి బిగించే ఇళ్లను దీవుల్లో కట్టడంలో మన దేశానికున్న పెద్ద అనుభవాల్లో అదొకటి. దాన్నుంచి నేర్చుకోవలసిన అసలు పాఠం మాత్రం ఇంతవరకూ ఏ టెండరులోనూ కనిపించదు. దీవిలో ఇలా భాగాలుగా వచ్చే మాడ్యులర్ ఇల్లే సరైన ఇల్లు. అయితే దాన్ని ఎన్ని రోజుల్లో నిలబెట్టారన్నది కొలమానం కాకూడదు. ఆ దీవి మనిషి మళ్లీ ఓడ కోసం ఎదురుచూడకుండా దాన్ని విప్పగలడా, బాగుచేసుకోగలడా, పెంచుకోగలడా, అవసరమైతే ఇంకో చోటికి మార్చుకోగలడా అన్నదే కొలమానం కావాలి.

మాడ్యులర్ ఇల్లు ఎందుకు సరైనదో ముందు చూద్దాం. ఇటుక, ఇసుక, కంకర, సిమెంటుతో కట్టే ఇల్లు బరువుతో కూడిన వ్యవహారం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 400 కిలోలు దాటుతుంది. 400 చదరపు అడుగుల ఇంటికి ఐదంగుళాల శ్లాబు ఒక్కటే 11 టన్నులకు పైగా తూగుతుంది. ఊళ్లో అయితే ఇదంతా లారీ మోస్తుంది. దీవిలో అయితే లారీ నుంచి రేవుకు, రేవు నుంచి ఓడకు, ఓడ నుంచి చిన్న పడవకు, పడవ నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఇంటి స్థలానికి మోయాలి. చేయి మారిన ప్రతిసారీ కూలి, ప్రతిసారీ కొంత నష్టం. ఇసుక అక్కడే దొరుకుతుంది కదా అనుకుంటే, తీరపు ఇసుక తోడితే తీరమే పోతుంది. శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు అండమాన్‌లో చెట్ల నరికివేతకూ, తీరపు ఇసుక తవ్వకానికీ కళ్లెం వేసింది. 1883లో మొదలైన చాథం రంపపు మిల్లు చుట్టూ, పడాక్ కలప చుట్టూ పెరిగిన దీవుల్లో ఆ తీర్పు తర్వాత కలప కూడా తేలిగ్గా దొరికే వస్తువు కాకుండా పోయింది. ఆ తీర్పు సబబైనదే. కానీ దాని అర్థం ఏమిటంటే, అక్కడ ఇంటికి కావలసిన సామానులో ఎక్కువ భాగం సముద్రం దాటి రావాలి. పైగా ఉప్పు ఇసుక, ఉప్పు నీరు కలిసిన కాంక్రీటులో ఇనుము లోపలే తుప్పుపట్టి ఉబ్బుతుంది, శ్లాబు పెచ్చులూడుతుంది.

నీటి సంగతి మరీ చిక్కు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడే ఆ దీవుల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాగునీటికే కటకట. సముద్రం శాంతించి సామాను దింపుకునే వీలుండేది కూడా ఆ నెలల్లోనే. అంటే పని చేసుకోగల కాలంలోనే కాంక్రీటు కలపడానికి, తడపడానికి మంచినీరు ఉండదు. నీళ్లు కలపకుండా, బోల్టులతో బిగించి నిలబెట్టే ఇంటికి ఈ చిక్కు పునాది దిమ్మెల దాకానే. ఇక దీవులన్నీ భూకంప ప్రమాదం అత్యధికంగా ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. భూమి కదిలినప్పుడు బరువైన ఇల్లు ఎక్కువ బలాన్ని తన మీదకు తెచ్చుకుంటుంది, తేలికైన చట్రం తక్కువ తెచ్చుకుంటుంది. ఇసుక, నీరు, బరువు, భూకంపం, ఏ లెక్కన చూసినా దీవికి తగినది తేలికగా, భాగాలుగా వచ్చే ఇల్లే.

మరి నికోబార్ అనుభవం ఎందుకు తృప్తినివ్వదు? తాత్కాలిక శిబిరాల సంగతి అందరికీ తెలిసిందే. నాలుగు వైపులా రేకు, పైన రేకు, భూమధ్యరేఖకు దగ్గరి ఎండ, సముద్రపు ఉక్క. కొద్ది నెలల కోసమని వేసిన వాటిలో కుటుంబాలు ఏళ్ల తరబడి ఉన్నాయి. శాశ్వత గృహాలు వాటికంటే ఎంతో మెరుగైనవే, ఇంజినీర్లు అంత దూరాన అన్ని ఇళ్లు నిలబెట్టడం చిన్న పని కాదు. లోపం ఉక్కులో లేదు, ఇల్లంటే ఏమిటన్న ఊహలో ఉంది. కార్ నికోబార్‌లో కుటుంబమంటే తుహెత్. కొబ్బరి తోటలు, పందులు, నేల ఉమ్మడిగా ఉండే పెద్ద కుటుంబం అది. సహాయ జాబితాలు రాసినవారు భార్యాభర్తలు, పిల్లలు అనే చిన్న లెక్కలో ఇళ్లు పంచారు. ఒక చూరు కింద, ఒక ఆవరణలో బతికిన మనుషులు వరసలుగా వేసిన ఒకే కొలత ఇళ్లలోకి చీలిపోయారు. నిజమైన మాడ్యులర్ ఇల్లయితే ఈ చిక్కును తీర్చగలిగేది. రెండు గదుల భాగానికి ఇంకో రెండు చేర్చుకోవచ్చు, మధ్య గోడ తీసి పెద్ద వసారా చేసుకోవచ్చు. కానీ అక్కడికి వెళ్లినవి మాడ్యూళ్లు కావు, ముక్కలుగా వెళ్లి ఒకే ఆకారంలో బిగుసుకున్న ఇళ్లు. ఫ్యాక్టరీకి కలిసొచ్చే గుణాలన్నీ వాటిలో ఉన్నాయి, ఉండేవాడికి కలిసొచ్చే గుణం మాత్రం లేదు.

ఇది చెప్పినప్పుడు పాత నికోబారీ ఇంటిని తలచుకోక తప్పదు. నేలకు మనిషెత్తు పైన లావుపాటి కొయ్య స్తంభాల మీద గుండ్రటి అంతస్తు, దాని మీద గడ్డితో నేసిన గుమ్మటం లాంటి కప్పు. స్తంభం పైకొసకూ అంతస్తుకూ మధ్య గుండ్రటి పెద్ద చెక్క బిళ్ల ఉంటుంది. స్తంభం పాకి వచ్చిన ఎలుక ఆ బిళ్ల అడుగున ఆగిపోతుంది, అంచు దాటి పైకి పోలేదు. ఎక్కడానికి నిచ్చెన, రాత్రి పైకి లాగేసుకోవచ్చు. కింది నీడలో మనుషులు కూర్చునే చోటు, పందులు. నేల సన్నటి చీలికలతో వేసింది కాబట్టి గాలి కింది నుంచి పైకి వస్తుంది. స్తంభం పుచ్చితే ఆ స్తంభాన్నే మారుస్తారు, కప్పు పాతబడితే కప్పునే నేస్తారు. ఊరంతా కలిసి చేసే పని అది. భూకంపాన్ని, వరదను, ఎలుకను, ఉక్కను తట్టుకుంటూ, భాగం పాడైతే భాగాన్నే మార్చుకునే ఇల్లు. అలాగని మళ్లీ అవే కట్టుకోండని చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచి కలప తగ్గింది, గడ్డి కప్పు నేయడం తెలిసినవారు తగ్గారు, కరెంటూ మరుగుదొడ్డీ ఫ్రిజ్జూ పిల్లల చదువు బల్లా ఉండే ఇల్లు నికోబారీలకూ కావాలి. తీసుకోవలసింది ఆకారాన్ని కాదు, బాగుచేసుకునే శక్తి ఇంటివారి దగ్గరే ఉండాలన్న పద్ధతిని.

ఫ్యాక్టరీ సామానుతో ఆ పద్ధతి సాధ్యమేనా అన్న అనుమానానికి కరీబియన్ దీవి బార్బడోస్‌లో జవాబుంది. అక్కడ బానిసత్వం పూర్తిగా ముగిసింది 1838లో. విముక్తులైన చెరకు కూలీలకు సొంత నేల లేదు, తోట యజమాని నేల మీదే ఇల్లు వేసుకోవాలి, అతను పొమ్మంటే పోవాలి. అందుకే వాళ్లు పునాది తవ్వని చెక్క ఇల్లు కట్టుకున్నారు. పేర్చిన రాళ్ల దిమ్మెల మీద కూర్చోబెట్టిన ఒక చిన్న ఇల్లు, దానికి బాగా ఏటవాలుగా ఉండే కప్పు. ఉత్తర అమెరికా నుంచి కోసి ఓడల్లో వచ్చే చెక్క పొడవును బట్టే గది కొలత. ఖాళీ చేయమంటే గోడల పలకలు విప్పి, బండి మీద వేసుకుపోయి, ఇంకో చోట నిలబెట్టేవారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే వెనక అదే కొలతలో ఇంకో భాగం, ఆ తర్వాత వంటకు ఒక ఏకవాలు పంచ. చాటెల్ ఇళ్లని వాటికి పేరు. ఆ ఇళ్లు అన్యాయం నుంచి పుట్టినవి, మనిషికి నేల మీద హక్కు లేకపోవడాన్ని మెచ్చుకోనక్కర్లేదు. కానీ సముద్రం దాటి వచ్చిన కోత చెక్కతో, ఒకే కొలత భాగాలతో, పేద కూలీలు తమకు తాముగా విప్పుకుని పెంచుకోగల ఇంటిని శతాబ్దానికి పైగా నడిపారన్నది వాస్తవం. బయటి సామానుతో కట్టిన ఇల్లు బయటివారి మీద ఆధారపడి తీరాలన్న నియమం ఏమీ లేదు.

అయితే తేడా ఎక్కడ వస్తుంది? చాలాసార్లు ఒక స్క్రూ దగ్గర. పైకప్పు రేకును చట్రానికి బిగించే స్క్రూ తనంతట తానే రేకును తొలుచుకుంటూ దిగుతుంది. దిగేటప్పుడు రాలిన సన్నటి ఇనుప రజనును ఆ రోజే ఊడ్చెయ్యకపోతే రేకు మీదే తుప్పు మచ్చలుగా మారుతుంది. స్క్రూ తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. కొన్నేళ్ల ఎండకు అది గట్టిపడి పగులుతుంది, ఉప్పు గాలి తడి రంధ్రంలోకి చేరుతుంది, జింకు పూత పోయిన అంచును తుప్పు తినేసి రంధ్రం పెద్దదవుతుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద గాలికి స్క్రూ అక్కడే నిలిచి ఉంటుంది, రేకు మాత్రం దాని తల మీదుగా ఊడి ఎగిరిపోతుంది. చూసినవారు మాడ్యులర్ ఇల్లు గాలికి ఆగలేదంటారు. నిజానికి ఆగనిది సమయానికి మార్చని వాషరు. ఆ వాషర్లు, పూత మందంగా ఉన్న స్క్రూలు, వాటిని బిగించే పనిముట్టు దీవి కొట్లో దొరికితే, రెండు మూడేళ్లకోసారి నిచ్చెన వేసుకుని చూసే యువకుడు ఊళ్లో ఒకడుంటే ఆ కప్పు దశాబ్దాలు ఆగుతుంది. అవి వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల, చెన్నైలోనో విశాఖలోనో మాత్రమే దొరికితే, ఆ ఇంటి ఆయుష్షు మొదటి వాషరు ఆయుష్షే.

అందుకే దీవి ఇంటి కొలతలు ఫ్యాక్టరీ నుంచి కాక రేవు నుంచి మొదలవ్వాలి. గదికి గదే తయారై వచ్చే మాడ్యూళ్లు సింగపూర్ లాంటి చోట బాగుంటాయి, అక్కడ క్రేను ఉంది, వెడల్పాటి రోడ్డు ఉంది. చిన్న జెట్టీ దగ్గర క్రేను ఉండదు, నలుగురు మనుషులు ఉంటారు. నలుగురు కలిసి పడవ నుంచి దింపి ఇసుకలో నడిచి తేగల బరువు 100 కిలోల అటూ ఇటూ. సన్నటి ఉక్కు చట్రానికి రెండు వైపులా ఎనిమిది మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు బిగించిన పలక చదరపు మీటరుకు 30 కిలోల లోపే తూగుతుంది. అంటే మూడు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు పలక ఆ నలుగురికీ సరిపోయే బరువు. ఇంటి గోడలన్నీ ఆ ఒక్క కొలతలో ఉంటే, తలుపున్న పలక, కిటికీ ఉన్న పలక, వట్టి పలక ఒకదాని స్థానంలో ఒకటి పెట్టుకోవచ్చు. వెల్డింగ్ చేసిన అతుకును విప్పాలంటే కోయాలి, కోసిన చోట పూత పోయి తుప్పు మొదలవుతుంది. కాబట్టి అతుకులన్నీ బోల్టులతోనే ఉండాలి. చూరు వెడల్పుగా బయటికి రావాలి, నేల అడుగున గాలి ఆడాలి, కప్పు కింద వేడిని ఆపే పొర ఉండాలి. ఇవేవీ కొత్తగా కనిపెట్టవలసినవి కావు. కానీ మన ప్రయోగాలు సాగుతున్న దిక్కు చూడండి. 2021 జనవరి 1న కేంద్రం శంకుస్థాపన చేసిన ఆరు లైట్ హౌస్ ప్రాజెక్టులు ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తలా, లక్నోలలో ఉన్నాయి. ఆరు చోట్ల ఆరు రకాల కొత్త నిర్మాణ పద్ధతులు పరీక్షించడం మంచి ఆలోచనే. అన్నీ లారీ నేరుగా వెళ్లే నగరాలు. పడవ దింపే ఊరు ఒక్కటీ లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. పేదవాడికి శ్లాబు ఇల్లు కావాలి, రేకుల ఇల్లంటే లోకువ అంటారు. తరతరాలుగా తాటాకు పాకలో, చుట్టింట్లో, రేకుల షెడ్డులో బతికినవారికి శ్లాబు ఒక గౌరవం. పైన ఇంకో అంతస్తు వేసుకునే ఆశ, బ్యాంకు అప్పిస్తుందన్న నమ్మకం, పిల్లల పెళ్లిళ్లలో మాట చెల్లుబాటు. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ గౌరవం శ్లాబుకు ఎక్కడి నుంచి వచ్చింది? అది నిలుస్తుందన్న నమ్మకం నుంచి. ఉప్పు నేల మీద పెచ్చులూడి ఇనుము బయటపడ్డ శ్లాబు కింద ఆ నమ్మకం మిగలదు, దాన్ని బాగుచేసుకునే దారి కూడా పేదవాడికి ఉండదు. పలకల ఇంటికి గౌరవం రావాలంటే దాన్ని పేదల పథకంగా మాత్రమే తేకూడదు. దీవిలోని పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రం, తహసీల్దారు కార్యాలయం, ఉద్యోగుల క్వార్టర్లు ముందు ఆ పద్ధతిలో కట్టాలి. కలెక్టరు సంతకం పెట్టే గదికి పనికొచ్చిన గోడ తన ఇంటికీ పనికొస్తుందని జనం నమ్ముతారు.

రెండో అభ్యంతరం తుపాను. తేలికైన ఇల్లు ఎగిరిపోదా? ఎగిరిపోతుంది, నేలకు సరిగా కట్టకపోతే. 1955లో జానెట్ తుపాను బార్బడోస్‌ను తాకినప్పుడు వేల ఇళ్లు కూలాయి. రాళ్ల మీద ఊరికే కూర్చోబెట్టిన ఇంటిని పట్టి ఉంచేది ఏమీ లేదు మరి. గాలి ఇంటిని పక్కకు తోయడమే కాదు, కప్పును పైకి పీలుస్తుంది. ఆ లాగుడు కప్పు నుంచి గోడకు, గోడ నుంచి స్తంభానికి, స్తంభం నుంచి భూమిలోని దిమ్మెకు తెగకుండా దిగిపోవాలి. మధ్యలో ఒక్క అతుకు వదులైనా మిగతావన్నీ వృథా. బరువుకు చోటుండవలసింది భూమి కిందే, గోడల్లో కాదు. ఇక ఉప్పెన సంగతి వేరు. మనిషెత్తు దాటి వచ్చే సముద్రం ముందు మామూలు శ్లాబు ఇల్లు కూడా భరోసా కాదని 1977 నవంబర్ 19న దివిసీమ చూసింది. అధికారిక లెక్కల్లోనే మృతులు సుమారు 10,000 మంది. ఉప్పెన నుంచి కాపాడేవి ముందస్తు హెచ్చరిక, ఎత్తైన తుపాను రక్షిత భవనం. ఆ భవనం కాంక్రీటుతోనే ఉండాలి, అందులో రెండో మాట లేదు. ప్రాణం కాపాడే పని ఆ భవనానికి అప్పగిస్తే, ఉప్పెన తీసిన వారానికి మళ్లీ నిలబెట్టుకోగలిగే పని ఇంటికి అప్పగించవచ్చు.

ఖర్చు ఎక్కువంటారు. కట్టిన రోజున కొంత ఎక్కువే కావచ్చు. కానీ సామాను రవాణా, విరిగిపోయినవి, నీరు, పని ఆగిన రోజులు కలిపి చూస్తే దీవిలో ఇటుక ఇల్లు చవక అన్న లెక్క నిలబడదు. ఇంతకంటే ఆలోచించవలసిన మాట స్థానిక పనివాళ్ల గురించి. గోడలు ఫ్యాక్టరీ నుంచి వస్తే దీవిలోని తాపీమేస్త్రీ, వడ్రంగీ ఏం కావాలి? ఇది న్యాయమైన ఆందోళన. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవారిలో చేపల వేటతో పాటు కట్టుబడి పని చేసేవారూ ఉన్నారు. వాళ్ల పని పోగొట్టే పద్ధతి మంచిది కాదు. అందుకే చట్రం, బోర్డులు బయటి నుంచి వచ్చినా పలకలు కూర్చే పని దీవిలోనే జరగాలి. బ్లాకుకొక చిన్న వర్క్‌షాపు, ఐటీఐలో ఆరు నెలల శిక్షణ, విడిభాగాల నిల్వ, ఇంటి నక్షాలు స్థానిక భాషల్లో. బిగించి వెళ్లిపోయే కాంట్రాక్టరుకు ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని పదేళ్ల నిర్వహణ తర్వాతే విడుదల చేస్తామని టెండరులో రాస్తే, స్క్రూ ఎలాంటిది వాడాలో ఎవరూ అతనికి చెప్పక్కర్లేదు.

గ్రేట్ నికోబార్‌లో ఈ మాట ఇప్పుడు మరింత అత్యవసరం. 2011 జనగణనలో సుమారు 8,000 జనాభా ఉన్న ఆ దీవిలో రేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రంతో పాటు లక్షల మందికి సరిపోయే పట్టణం ప్రతిపాదించారు. 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఆ ప్రాజెక్టు మంచిచెడ్డల మీద పెద్ద వాదనే నడుస్తోంది. ఇళ్ల వరకు చూస్తే ఒక సంగతి స్పష్టం. సునామీ తర్వాత పాత ఊళ్ల నుంచి తెచ్చి రాజీవ్ నగర్‌లో, న్యూ చింగెన్‌లో ఉంచిన నికోబారీలు తమ పూర్వీకుల నేలకు తిరిగి వెళ్తామని అడుగుతూనే ఉన్నారు. వాళ్లకిచ్చిన ఇల్లు విప్పుకుని వెంట తీసుకుపోగలిగినదైతే, ప్రభుత్వం అనుమతించిన రోజున వెళ్లగలిగేవారు. కదలని ఇల్లు వాళ్లను కదలని చోట కట్టిపడేసింది. రేపు కట్టబోయే పట్టణంలో వేల ఇళ్ల సామాను ఓడలకెక్కే ముందు, మొదటి ఓడలో వాళ్ల పాత ఊళ్లకు సరిపోయే ఇళ్లు వెళ్లాలి.

దీవుల కోసం అండమాన్ దాకా వెళ్లనక్కర్లేదు, మన దగ్గరా ఉన్నాయి. కృష్ణా సాగరసంగమం దగ్గర ఎదురుమొండి ఉంది, అవతలి ఒడ్డుకు పంటు ఎక్కాలి. గోదావరి పాయల మధ్య కోనసీమ లంకలున్నాయి. వరదకాలంలో గట్లు తెగితే బడికి, ఆసుపత్రికి, రేషన్‌కు పడవే దిక్కు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అయితే లంక ఇంటికి నీటికంటే పెద్ద శత్రువు కోత. నది ప్రతి వరదకూ ఒక ఒడ్డు కోసి ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. కొబ్బరిచెట్టు వేళ్లతో సహా జారిపోయే ఒడ్డు మీద శ్లాబు ఇల్లు కట్టడమంటే, ఆ ఇంటివారి జీవితకాలపు పొదుపును నదికి రాసివ్వడం. కోత గడప దాకా వచ్చినప్పుడు తలుపులూ కిటికీలూ పీక్కుపోవడం తప్ప శ్లాబు ఇంటివాడు చేయగలిగింది లేదు. పలకల ఇల్లయితే కోత ఇంకా పది గజాల దూరంలో ఉండగానే విప్పి మెరక మీదికి మార్చుకోవచ్చు. పోయేది పునాది దిమ్మెలు మాత్రమే.

మరి లంకలో ఎవరైనా అలాంటి ఇల్లు కట్టుకోవాలనుకుంటే ప్రభుత్వ సాయం అందుతుందా? మన గృహ పథకాల బిల్లులు బేస్‌మెంట్ లెవల్, రూఫ్ లెవల్, శ్లాబు అని దశలవారీగా పడతాయి. రెండు వారాల్లో లేచే పలకల ఇంటికి ఆ దశలు లేవు. దశ లేకపోతే ఫొటో లేదు, ఫొటో లేకపోతే బిల్లు లేదు. అంటే నదికి ఎప్పటికైనా పోయే ఇంటికే మన నిబంధన డబ్బిస్తోంది, నిలుపుకోగలిగే ఇంటికి ఇవ్వడం లేదు. దీన్ని సరిచేయడానికి చట్టసభ దాకా వెళ్లనక్కర్లేదు. నదీ లంకల్లో, సముద్ర దీవుల్లో కట్టే ఇళ్లకు దిమ్మెలు, చట్రం, పలకలు, కప్పు అని వేరే దశలు పెడుతూ, దీవి చేరవేత ఖర్చును విడిగా కలుపుతూ, ఇల్లు విప్పి మార్చుకున్నా హక్కు పోదని రాస్తూ గృహనిర్మాణ శాఖ ఒక జీవో ఇస్తే చాలు. ఎదురుమొండిలో పది, పి.గన్నవరం లంకల్లో పది ఇళ్లతో మొదలుపెట్టి, వాటిని కట్టడంతో సరిపెట్టకుండా, ఏడాది తర్వాత ఆ ఊరి యువకులతోనే ఒక ఇంటిని విప్పించి మళ్లీ నిలబెట్టించి చూడాలి. ఆ పని సజావుగా జరిగితే మిగతా లంకలకు పంపాలి, జరగకపోతే నక్షా మార్చాలి.